నల్ల డబ్బాలో నీలం వెలుగు

ముందు గది, మీ ఇల్లు
జూన్ 12, ఉదయం

ప్రియమైన బాబాయ్‌కి,

తేదీ వేయగానే ఈ రోజు మొదటి వింత చెప్పేస్తాను. పొద్దున్న లేచి ముందు గదిలోకి వస్తే అక్వేరియంలో చేపలు లేవు. తొమ్మిదిలో ఒక్కటీ లేదు. గాజుకి ముక్కు ఆనించి చూస్తేగానీ తెలియలేదు, చేపలు ఎక్కడికీ పోలేదని. రాత్రికి రాత్రి నీళ్ళన్నీ పచ్చబడిపోయాయి. "పచ్చ" అని రాసి, అనుమానం వచ్చి మళ్ళీ వెళ్ళి చూశాను. పచ్చ అంటే చిగురు గుర్తొస్తుంది. ఇది చిగురు కాదు, ఎవరూ తోడని నూతి లోపలి గోడ. అందులోంచి మన పెద్ద చేప హెడ్మాస్టరు నెమ్మదిగా ముందుకొచ్చాడు. ఆ బొజ్జ, ఆ బంగారు రంగు, మిగతా చేపల చుట్టూ తనిఖీకి తిరిగినట్టుండే ఆ నడక. నన్ను ఒకసారి చూసి, మళ్ళీ ఆ రంగులోకి వెళ్ళి మాయమయ్యాడు.

నువ్వు ఫోన్లో "ఊఁ" తప్ప మాట్లాడవు. ఆ కొండ మీది నీళ్ళ ప్లాంటులో సిగ్నల్ లేదు కనుక ఇప్పుడు ఆ "ఊఁ" కూడా దొరకదు. అందుకే ఉత్తరం. నాకిదే నచ్చింది. కాగితం మీద మధ్యలో ఎవరూ "ఊఁ" అనరు.

చేసినవన్నీ చెప్తాను, తప్పెక్కడుందో నువ్వే పట్టుకో. ఆదివారం ఆదివారం ఫిల్టరు స్పాంజిని అక్వేరియం నీళ్ళలోనే పిండుతున్నాను, కుళాయి కింద కాదు. వారానికోసారి పావు వంతు నీళ్ళు మారుస్తున్నాను. స్టాండు వెనకున్న నల్ల డబ్బాలో యూవీ ట్యూబు వెలుగుతూనే ఉంది. డబ్బా చివర గోరంత కన్నంలోంచి నీలం వెలుగు కనిపిస్తోంది. దాని పక్క నుంచి నీళ్ళు పోతే పాచి చస్తుందని నువ్వే చెప్పావు. మరి ఎందుకు చావలేదు? ఎక్కువసార్లు తిరిగితే మంచిదేమోనని ఇప్పుడే పంపు వేగం పూర్తిగా పెంచాను.

ఇంకో సంగతి. నవ్వకు. రోజూ సాయంత్రం ఐదుంపావుకి చేపలన్నీ ఎడమ మూలకి చేరతాయి, పిన్ని కుర్చీ ఉన్న వైపు. నేను మేత వేసేది ఉదయం ఎనిమిదింటికి, కుడివైపు నుంచి. పిన్ని పోయి ఇరవై నెలలైంది. ఐదుంపావుకి ఆ కుర్చీలో ఎవరూ ఉండరు. అయినా వరసగా నిలబడి కుర్చీ వైపు చూస్తూ నోళ్ళు తెరుస్తాయి. పది నిమిషాలు. తర్వాత ఎవరో లేచి వెళ్ళిపోయినట్టు చెదిరిపోతాయి. నేను ఈ ఇంటికొచ్చి నాలుగు నెలలైనా ఆ పది నిమిషాలూ వంటింట్లోకి వెళ్ళిపోతాను.

నువ్వు గోడకి అంటించి వెళ్ళిన కాగితంలో ఉన్నట్టే కుర్చీ కదపలేదు, వంకెకి ఉన్న తువ్వాలు తీయలేదు, నల్ల డబ్బా మూత ముట్టుకోలేదు.

తొందరగా జవాబు రాయి. ఉత్తరానికి నాలుగు రోజులు పడుతోంది, పాచికి ఒక్క రాత్రి చాలుతోంది.

నీ అమ్మాయి


నీటి శుద్ధి కేంద్రం, క్వార్టర్ నంబరు ఏడు
జూన్ 17

నిఘంటువుకి,

నీ ఉత్తరం చేరింది. నిన్ను నిఘంటువనేది ఇందుకే, పాచికి అంత వర్ణన అక్కర్లేదు. "నీళ్ళు పచ్చబడ్డాయి" అంటే చాలు.

పంపు వేగం వెంటనే తగ్గించు. నీళ్ళు ఎంత తొందరగా పోతే వెలుగు అంత తక్కువ తగులుతుంది. బట్టలు ఎండలో ఇలా వేసి అలా తీసేస్తే ఆరతాయా? పాచికి మధ్యరకం వేగం చాలు. రోగం పురుగుకైతే ఇంకా నెమ్మదిగా పోవాలి. ముందు స్పాంజి, తర్వాత ట్యూబు, ఆ వరస మార్చకు. మడ్డి నీళ్ళలోంచి వెలుగు దూరదు. ఇరవైనాలుగు గంటలూ వెలగనివ్వు. కిటికీకి తెర వెయ్యి. మేత సగం చెయ్యి.

డబ్బా మూత విప్పకు. ఆ వెలుగు కంటికి తగిలితే ప్రమాదం.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మా దగ్గర పెద్ద ట్యూబులు ఎనభై, ఒక్కొక్క దానికీ గంటలు లెక్కపెట్టే మీటరు. నిన్న పన్నెండు మార్చాం. నా జోడీ ఫిట్టరు "బానే వెలుగుతున్నాయి కద గురూ, నిక్షేపంలాంటివి పీకేస్తున్నావేంటి" అన్నాడు. మీటరు చూపించాను. మిగతావి తనే పీకాడు.

చేపలకి ఎక్కడ నిలబడాలనిపిస్తే అక్కడ నిలబడతాయి.

బాబాయ్


ముందు గది
జూన్ 25, మధ్యాహ్నం

బాబాయ్,

నువ్వు చెప్పినవన్నీ చెప్పినట్టు చేశాను. పంపు తగ్గించాను. తెర వేశాను, ఇప్పుడు ముందు గదిలో పగలు కూడా సాయంత్రంలా ఉంటోంది. నీళ్ళు తేరుకోలేదు. పైగా చేపల మీద తెల్ల చుక్కలు వచ్చాయి. ఎవరో సన్నటి ఉప్పు చల్లినట్టు. రాళ్ళకి ఒళ్ళు రాసుకుంటున్నాయి. మొన్న ఒకటి పోయింది, నిన్న తోకకి మసి అంటినట్టుండేది పోయింది. ఏడు మిగిలాయి. హెడ్మాస్టరు ఎడమ మొప్ప దగ్గర మూడు చుక్కలు.

సీసాలో నీళ్ళు పట్టుకుని మార్కెట్టు వెనక అక్వేరియం కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసమే కొట్టంతా వెతుక్కునే మనిషి. అందుకే మనసులో ఆయన పేరు కళ్ళజోడు. సీసా ఎత్తి వెలుతురులో చూశాడు.

"ఇది నీళ్ళా, ఆకు పసరా?"

"యూవీ ఉందండీ. వెలుగుతోంది కూడా."

"వెలగడానికేం? మా బావమరిది కూడా రోజూ ఆఫీసుకెళ్తాడు. పని చేస్తాడని ఎవరన్నారు?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"ట్యూబు ఎప్పుడు మార్చారమ్మా?"

"తెలీదండీ."

"తెలీదూ అంటే ఏడాది దాటిందన్నమాటే. ఎక్కడో రాసి ఉంటుంది, చూడు. రాసుకోనివాళ్ళ పుణ్యమా అనే నా కొట్టు నడుస్తోంది."

ఇంకా చెప్పాడు. ఆ తెల్ల చుక్కలు పురుగేనట, అది చేప ఒంటి మీద ఉన్నంతసేపూ ఏ దీపమూ దాన్ని ఏమీ చేయలేదట. ఒంటి మీద నుంచి రాలి, అడుగున గూడు కట్టుకుని, వందలుగా పగిలి, మళ్ళీ చేపని వెతుక్కుంటూ ఈదుతుంది కదా, ఆ ఈదే ఒకటి రెండు రోజుల్లో డబ్బాలోంచి పోయిందే చస్తుందట. అది కూడా ట్యూబులో దమ్ముంటే. చేపకి వైద్యం గళ్ళుప్పు. ట్యూబు కొత్త పురుగుల్ని తగ్గిస్తుంది, చేపకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది, అంతే. "వైద్యుడు కాదమ్మా, కాపలావాడు" అన్నాడు. ఉప్పు కొలిచి ఇచ్చాడు.

ఇంటికొచ్చి స్టాండు వెనక దూరి చూశాను. నల్ల డబ్బా మీద తెల్ల టేపు ముక్క, దాని మీద పిన్ని గుండ్రటి అక్షరాలు. "ట్యూబు మార్చాను." కింద తేదీ, అక్టోబరు 3, కిందటికి ముందు ఏడాదిది. ఆ మాట చాలాసేపు చూశాను. మార్చాను. ఎవరు మార్చారో రాయలేదు. రాయనక్కర్లేదు, తనే పక్కన నిలబడి చెప్పినట్టుంది. బాబాయ్, పిన్ని పోయింది అదే నెల పద్నాలుగున కదా?

అంటే ఆ తర్వాత ఎవరూ మార్చలేదా? నన్ను మూత విప్పనిస్తావా? ప్లగ్గు పీకేసి విప్పితే కంటికి ప్రమాదం లేదని కళ్ళజోడు చెప్పాడు.

నీ అమ్మాయి


క్వార్టర్ నంబరు ఏడు
జూలై 1

అమ్మాయికి,

అమ్మేవాడు మార్చమనే అంటాడు. అది వాడి వృత్తి. ట్యూబు వెలుగుతోంది, చాలు. ఉప్పు ఒకేసారి గుమ్మరించకు, రెండు రోజుల మీద వెయ్యి. చచ్చినవాటిని వెంటనే తీసెయ్యి.

టేపు మీద చెయ్యి వెయ్యకు. మూత సంగతి మళ్ళీ అడగకు.

నేనొకటి అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. ఆ తెల్ల చుక్కల పురుగు కుళాయిలోంచి రాదు. నువ్వు కొత్త చేపని ఏదైనా తెచ్చి వేశావా?

బాబాయ్


ముందు గది
జూలై 7

బాబాయ్,

వేశాను.

జూన్ ఎనిమిదిన. తెల్లటిది, నెత్తి మీద ఎర్ర టోపీ పెట్టినట్టు మచ్చ. నా అరచేతిలో సగం ఉంటుంది. మొదటి ఉత్తరంలో తొమ్మిది అని రాశాను, పది ఉన్నాయి. జూన్ ఇరవైన ముందు పోయింది అదే. గోడ పక్కన పాతిపెట్టి, నీకు చెప్పలేదు.

కొత్త చేపని రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచాలని పిన్ని నాకు నేర్పింది. చిన్నప్పుడు ఒకసారి నేను తొందరపడితే, "కొత్తగా వచ్చినవాళ్ళని ముందు అరుగు మీద కూర్చోబెట్టాలే, తిన్నగా పడగ్గదిలోకి తీసుకెళ్తారా" అంది. తెలిసి తెలిసీ చేశాను. ఎందుకంటే, ఈ ఇంట్లో నేను ముట్టుకోగలిగినవి తక్కువ. కుర్చీ పిన్నిది, తువ్వాలు పిన్నిది, ఐదుంపావు కూడా పిన్నిదే. నాది అని చెప్పుకోవడానికి ఒక్క ప్రాణి ఉంటే బాగుండుననిపించింది. ఆ ఒక్కటీ మిగతావాటి ప్రాణం మీదికి తెచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. తిట్టు. నిజంగా తిట్టు, "ఊఁ" అనకు.

ఇప్పుడు మూడే ఉన్నాయి.

నా తప్పు రాసేశాను కనుక ఇక నీ తప్పు రాస్తాను. నిన్న నీ అలమారలో ప్లాంటు శిక్షణ నోటుబుక్కు దొరికింది. కొత్తగా చేరినవాళ్ళకి నువ్వు పాఠం చెప్పేది. మూడో పేజీలో నీ చేతిరాత, కింద రెండు గీతలు: "వెలుగుతోంది కదా అనుకోకు. కంటికి కనబడే నీలం వేరు, చంపే కిరణం వేరు. కిరణం చచ్చాక కూడా నీలం వెలుగుతూనే ఉంటుంది. కంటిని నమ్మకు, గంటలు చూడు."

ఇది రాసిన మనిషే నాకు "వెలుగుతోంది, చాలు" అని రాశాడు. ఎనభై ట్యూబులకి మీటరు పెట్టుకుని కూర్చున్న మనిషి. అక్కడ ఒక్క గంట దాటితే పీకేస్తావు, ఇక్కడ ఇరవై నెలల ట్యూబుకి ఏమీ కాలేదంటావు. ఊళ్ళోవాళ్ళ నీళ్ళు నీళ్ళు, మన ఇంట్లోవి కావా?

స్క్రూడ్రైవరు పట్టుకుని స్టాండు వెనక గంటసేపు కూర్చున్నాను. కన్నంలోంచి ఆ నీలం వెలుగు నా మోకాలి మీద పడింది. వెచ్చగా లేదు, చల్లగా లేదు. ఎప్పుడో ఆరిపోయినది ఇంకా నన్ను చూస్తున్నట్టనిపించింది. నువ్వు విప్పొద్దన్నావు కనుక విప్పలేదు. కానీ ఎందుకొద్దో చెప్పకపోతే, నేను నీ మాట వింటున్నానో, చేపల్ని చంపుతున్నానో నాకు తెలియడం లేదు.

నీ అమ్మాయి


క్వార్టర్ నంబరు ఏడు
జూలై 18

నిఘంటువుకి,

ఆలస్యమైంది. నాలుగు కాగితాలు చింపాను. నాకు మాటలు రావు, నీకు తెలుసు.

తిట్టమన్నావు. తిట్టను. పురుగుని ఇంట్లోకి తెచ్చింది నువ్వే కావచ్చు. కాపలావాణ్ణి చంపి కూర్చోబెట్టింది నేను. ట్యూబు సరిగ్గా ఉంటే నీ తప్పుకి ఒకటో రెండో పోయేవి. తొమ్మిదికీ ఈ గతి పట్టేది కాదు.

ఆ అక్టోబరు మూడున మీ పిన్ని మంచం దిగి, ట్యూబు తనే మారుస్తానంది. ఏటా తనే మార్చేది. నేను స్టూలు వేసి పక్కన నిలబడ్డాను. గాజు ట్యూబుని వట్టి చేత్తో ముట్టుకోకూడదు, గుడ్డతో పట్టుకోవాలి. చేతి జిడ్డు అంటితే ఆ వేడికి అక్కడే మాడి మరక పడుతుంది. తనకి గుడ్డతో పట్టు దొరకలేదు. వేళ్ళలో బలం లేదు, జారిపోతోంది. గుడ్డ పక్కన పడేసి చేత్తో పట్టుకుంది. నేను అరిచాను. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? వేలిముద్ర పడుతుంది!" అని, ప్లాంటులో కూలీ మీద అరిచినట్టు. తను వెనక్కి కూడా తిరగలేదు. "పడనీ. పోలీసులొస్తే నేనే దొరికిపోతాలే" అంది. అని తన మాటకి తనే నవ్వుకుంది. పదకొండు రోజుల తర్వాత పోయింది.

ఏడాది తిరిగింది. గంటలు అయిపోయాయి. కొత్త ట్యూబు తెచ్చాను. ప్లగ్గు పీకి, మూత విప్పి, పాతది బయటికి లాగాను. సగానికి కొంచెం పైన బొటనవేలి ముద్ర. గోధుమరంగులో మాడి, ఒక్కొక్క గీతా అచ్చు వేసినట్టు. ఎడం పక్కన చిన్న కోత కూడా పడింది, కూరలు తరుగుతుంటే తెగిన గాటు. ఒక చేతిలో అది, ఒక చేతిలో కొత్తది. ఎంతసేపు నిలబడ్డానో. మళ్ళీ పాతదే లోపల పెట్టి మూత బిగించాను. ప్లగ్గు పెడితే వెలిగింది.

ఆ తర్వాత రోజూ ఐదుంపావుకి తన కుర్చీలో కూర్చుని, తను వేసినట్టే ఎడమ మూల నుంచి మేత వేశాను. నాలుగు నెలలు. అవి ఎదురుచూసేది తననో నన్నో నాకు తెలీదు. ఒకరోజు అవి నన్ను కాక, నా భుజం వెనక్కి చూస్తున్నట్టనిపించింది. మర్నాడే ఈ కొండ మీదికి బదిలీ అడిగాను. నీతో ప్లాంటువాళ్ళు పంపారని చెప్పాను. అది అబద్ధం.

ఇక్కడ ట్యూబు మార్చిన ప్రతిసారీ ముద్ర కోసం వెతుకుతాను. ఎనభైలో ఒక్కదానికీ ఉండదు. మావాళ్ళందరూ గ్లవుజులు వేసుకుంటారు.

విప్పు, అమ్మడూ. నేనొచ్చి విప్పుదామని సెలవు అడిగాను. ఇంకా ఇవ్వలేదు. నేనొచ్చేదాకా ఆగితే నా మనసు నిలబడుతుంది, చేప నిలబడదు. ఆగకు.

కొత్త ట్యూబు ఇంట్లోనే ఉంది. బీరువా పై అరలో, నా స్వెట్టరు కింద, పెట్టె విప్పకుండా. విప్పే ముందు మూత కింది రబ్బరు రింగు కొత్తది తెచ్చుకో. పాతది గట్టిపడి ఉంటుంది, తీస్తే విరుగుతుంది, నీళ్ళు కారతాయి. ముందు పంపు ప్లగ్గు, ట్యూబు ప్లగ్గు రెండూ పీకు. పదిహేను నిమిషాలు చల్లారనివ్వు. ట్యూబుకి తొడిగిన గాజు గొట్టం సున్నం కట్టి ఉంటుంది, వెనిగర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి మంచినీళ్ళతో కడుగు. అది మసకగా ఉంటే కొత్త ట్యూబు పెట్టినా దండగే. మూత పూర్తిగా బిగించాకే ప్లగ్గు పెట్టు. పంపు అన్నిటికంటే తక్కువ వేగంలో ఉంచు.

పాతది చెత్తలో వెయ్యకూడదు, లోపల పాదరసం ఉంటుంది. కొట్టాయనకి ఇచ్చెయ్యి, ఆయన దగ్గర వాటికో డబ్బా ఉంటుంది. నాకోసం దాచకు. దాస్తే మళ్ళీ దానికే కాపలా కాస్తాను.

మూడూ ఉన్నాయా?

బాబాయ్


ముందు గది
జూలై 22, సాయంత్రం ఆరున్నర

బాబాయ్,

మూడు లేవు. హెడ్మాస్టరు ఒక్కడే ఉన్నాడు. నీ ఉత్తరం వచ్చేసరికి ఐదు దాటింది. రెండుసార్లు చదివాను.

వాడు ఫిల్టరు పక్కన అడుగుకి దగ్గరగా నిలబడ్డాడు. తోక మీద చుక్కలు లెక్కపెట్టలేనన్ని. ఉప్పు పడుతోంది, రాళ్ళకి రాసుకోవడం మానేశాడు. అది నయమవడమో, ఓపిక లేకపోవడమో నాకు తెలియదు. వేరే తొట్టిలోకి మారుద్దామంటే అంత పెద్ద తొట్టి లేదు. కిందటి వారం ఇంకోదాన్ని బకెట్టులో పెడితే రెండో రోజుకే పోయింది. వాడు ఉండాల్సింది ఇక్కడే, బాగుపడాల్సినవి ఈ నీళ్ళే. మొప్పలు ఆడుతున్నాయి. నిమిషానికి ఎన్నిసార్లో రాసి పెట్టుకుంటున్నాను.

బీరువాలో నువ్వు చెప్పిన చోటే కొత్త ట్యూబు ఉంది. స్వెట్టరు మడతలో పెట్టె ఆకారం అచ్చుపడింది. రింగు కోసం పరుగెత్తాను. కళ్ళజోడు అప్పుడే షట్టరు దించుతున్నాడు. నేను రాసుకెళ్ళిన డబ్బా మూత కొలత చూసి, "ఆ సైజు కొట్లో లేదమ్మా, గోడౌనులో ఉంది. తాళం మా బావమరిది దగ్గరుంది, ఆయనెప్పుడు పని చేశాడు గనక ఇప్పుడు చేస్తాడు! పొద్దున్నే తెచ్చి ఉంచుతాను, రా" అన్నాడు. పాత రింగుతోనే విప్పేయాలనిపించింది. విరిగితే నీళ్ళు కారిపోతాయి, వాడికి ఉన్న నీళ్ళు ఇవే. కూర్చున్నాను.

నీకొక మాట చెప్పాలి. పాతది నీకోసం దాచను. కానీ ఇచ్చే ముందు ఒకసారి చూస్తాను. నువ్వు ఒక్కడివే చూశావు ఇన్నాళ్ళూ. అది ఇంకొకరు కూడా చూశారంటే నీకు కాస్త తేలిక అవుతుందేమో. ఫోటో తీయను. నాకు ఎలా కనబడిందో మాటల్లో రాస్తాను. వర్ణన ఎక్కువైందని కోప్పడకు.

ఇది నీ చేతికి అందేసరికి నాలుగు రోజులు పడుతుంది. నువ్వు ఇక్కడిదాకా చదివేసరికి ఆ ముద్ర ఈ ఇంట్లో ఉండదు. చేప ఉండాలి.

వెనిగర్ సీసా, రెండు మెత్తటి గుడ్డలు, స్క్రూడ్రైవరు, కొత్త ట్యూబు స్టాండు పక్కన వరసగా పెట్టాను. గ్లవుజులు కూడా కొన్నాను. అలారం ఆరింటికి. ఏడింటికి పావు వంతు నీళ్ళు మారుస్తాను. కొట్టు తొమ్మిదికి తెరుస్తారు, నేను ఎనిమిదిన్నరకే వెళ్ళి షట్టరు ముందు నిలబడతాను. తొమ్మిదింపావుకి ఇంట్లో ఉంటాను. రెండు ప్లగ్గులూ పీకి, పదిహేను నిమిషాలు ఆగి, మూత విప్పుతాను.

నీ అమ్మాయి